నీలి నీరుకట్టె

పాముపిల్ల రంగు చూసి అది ఎంత అపురూపమైనదో చెప్పేయగలనని ఒకప్పుడు నమ్మాను. అంత మూర్ఖత్వం చదువుకున్నవాడికి తప్ప సాధ్యం కాదు. ఈ సంగతి ఇంతకాలం ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఇప్పుడూ ఎవరూ అడగలేదు గానీ, నా వల్ల కావడం లేదు.

సాగరు కాలువ నీళ్లు హాలియా వైపు పొలాలకు పారడం మొదలైన కొత్తలో, ఆ దాపుల్లోనే ఒక ఊరి హైస్కూల్లో సైన్సు సారుగా ఉండేవాణ్ని. అంతకుముందు జొన్న, ఆముదం తప్ప ఎరగని చెలకలు వరి మడులయ్యాయి. నీళ్ల వెంట కప్పలు వచ్చాయి. కప్పల వెంట నీరుకట్టెలు వచ్చాయి. నీరుకట్టెల వెంట నేను పడ్డాను. నీరుకట్టె అంటే నీటిపాము. ఒంటినిండా చదరంగపు గళ్లలాంటి నల్లమచ్చలు. విషం లేదు. ఆ లోటును కోపంతో పూడ్చుకుంటుంది. ముట్టుకున్నవాణ్ని కరవకుండా వదలదు.

ఒక ఎండాకాలం కాలువ గట్టు పక్కన ఎలుక బొక్కలో దాని గుడ్లు దొరికాయి. తడి ఇసుక పోసిన కుండలో వాటిని తెచ్చి బడిలో సైన్సు గదిలో పెట్టాను. తొలకరికి పిల్లలు బయటికొచ్చాయి. పాత అద్దాల బీరువాను వెల్లకిలా పడుకోబెట్టి, జాలీ మూత బిగించి, వాటికి ఇల్లు చేశాను. బడి వదిలాక నేను మడుల్లో దిగి తోకకప్పలు పట్టేవాణ్ని. ఊళ్లో ఆడవాళ్లు నన్ను బూచిగా చూపించి పిల్లలకు అన్నం తినిపించుకునేవారు.

ఆ గది మీద ఇంకొకాయనకు కన్నుంది. ఆయన డ్రాయింగ్ సారు. ఆయనకు గది లేదు, వరండాలో చెప్పేవాడు. వాన వస్తే జల్లుకొట్టి కాగితాల మీద కొండలూ సూర్యుడూ ఒకటైపోయేవి. ఆయన గది అడగడంలో న్యాయం ఉంది. అడిగే తీరులో లేదు.

"పోరగాండ్లు వానల నానవట్టె, పాములకేమో పక్కా గది. రేపు తేళ్లకు గూడ ఒకటి కట్టియ్యమను సారూ," అన్నాడు ఒకరోజు, అందరూ వినేట్టు.

"తేళ్లకెందుకు? మీ నాలిక మీద జాగ ఉన్నది గద," అన్నాను.

ఆ రోజు నుంచి మా మధ్య మాటలు లేవు. తిట్టుకోవలసి వచ్చినప్పుడు మాత్రం మర్యాదగా పలకరించుకునేవాళ్లం.

పిల్లలు పుట్టిన కొద్దిరోజులకే నా బుద్ధి గడ్డి తిన్నది. పొద్దున మూత తీసి చూస్తే ఒక పాముపిల్ల నీలంగా ఉంది. మచ్చలు మసకబారి, ఒంటిమీద నివురు కప్పినట్టు నీలిచాయ, కళ్లయితే అచ్చంగా నీలిపాలు. నేను పెద్దసారు గదికి నడవలేదు, పరిగెత్తాను.

"నీలి నీరుకట్టె సార్! మన దేశంల ఎవ్వరూ చూసి ఉండరు!"

పెద్దసారు అంటే మా హెడ్మాస్టరు. తన బడికి పేరు రావాలన్న ఆశ తప్ప వేరే దురలవాటు లేని మనిషి. మర్నాడు వచ్చి చూడమని ఊరి పెద్దలకు కబురు పంపాడు. వాళ్లు రుమాళ్లు చుట్టుకుని వచ్చారు. నేను మూత తీశాను. పెట్టెలో పాములన్నీ నీలంగా ఉన్నాయి. ఒకటి నీలమైతే అపూర్వం. అన్నీ నీలమైతే ఏమనాలో నాకు తోచలేదు. నిన్నటి నీలి పాము మాత్రం నీలంగా లేదు. అందరికంటే ముందే కుబుసం విడిచి, కడిగిన పలకలా నల్లమచ్చలతో మెరుస్తూ, ఆ కుబుసం పక్కనే పడుకుని ఉంది. కుబుసం విడిచే ముందు పాముకు కళ్లూ ఒళ్లూ పాలు కమ్ముతాయని పరీక్షలో రాసి మార్కులు కొట్టినవాణ్ని. అది పాముల గురించి రాశానని అప్పటిదాకా తట్టలేదు.

"నీలిది ఏది సారూ?" అని ఒక పెద్దమనిషి అమాయకంగా అడిగాడు.

గుమ్మంలో నిలబడ్డ డ్రాయింగ్ సారు అందుకున్నాడు. "నీలి పాము లేదు పటేలా. నీలివార్త ఉన్నది. అదుగో, చేతుల మూత పట్టుకొని నిలవడ్డది."

ఊరు ఊరంతా నవ్వింది. పెద్దసారు ముఖం నల్లబడింది, నాది తెల్లబడింది. రంగు మారనిది డ్రాయింగ్ సారు ముఖం ఒక్కటే. ఆ సాయంత్రం పెద్దసారు మా ఇద్దర్నీ పిలిచాడు.

"దసరా సెలవుల దాంక చూస్త. నీ పాములల్ల నలుగురికి చూపెట్టే ముచ్చట ఏదన్న ఉంటె సరే. లేకుంటె గది డ్రాయింగ్ సారుది. పాములను కాలువల ఇడిసిపెట్టు."

"ఇడుసుడెందుకు సార్?" అన్నాడు డ్రాయింగ్ సారు. "చప్రాసి చేతికి కట్టె ఇస్తె పనైపోతది."

నా వైపు చూసి మరీ అన్నాడు. ఆ చూపు నేనింతవరకు మరిచిపోలేదు.

ఇక్కడ నా రెండో మూర్ఖత్వం చెప్పాలి. ఆ పిల్లల్లో ఒకటి పుట్టినప్పటి నుంచీ పాలిపోయి ఉండేది. దానికి మచ్చలు సరిగా లేవు. రక్తం తక్కువ రోగిష్టిదనుకుని, జాలిపడి ఒక తోకకప్ప ఎక్కువ వేసేవాణ్ని. నీలం వెతుక్కునే తొందరలో దాన్ని పరీక్షగా చూడనే లేదు. అందరి తరువాత తీరిగ్గా అదీ కుబుసం విడిచింది. విడిచాక చూస్తే నిమ్మపండు పసుపు! నల్లగా ఉండవలసిన గళ్లు వెలిసిన కుంకుమ రంగులో ఉన్నాయి. కళ్లు గురిగింజల ఎరుపు. భూతద్దం పెట్టి తోక కొస దాకా గాలించాను, నలుపన్నది ఆవగింజంత లేదు.

ఈసారి పరిగెత్తలేదు. నోటికి తాళం వేసుకుని ఇంకో కుబుసం దాకా ఆగాను. మళ్లీ పసుపే. సెలవులు దగ్గరపడుతుండగా పెద్దసారు చెవిలో మెల్లగా వేశాను. ఆయన వచ్చి వంగి చూసి, చాలాసేపు లేవలేదు.

"గిది నిజంగనే ఇచ్చంత్రమే," అన్నాడు.

కబురు వరండా దాకా పాకడానికి ఎంతసేపు? డ్రాయింగ్ సారు వచ్చాడు. పాము వంక ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"మొన్న నీలివార్త, ఇయ్యాల పచ్చి అబద్ధం. పసుపు రుద్దిండు సార్."

"కండ్లు గూడ ఎర్రగున్నయి గదనయ్యా. కండ్లకు గూడ రంగేసిండా?" అన్నాడు పెద్దసారు.

"గది పోతదంటె ఎందుకెయ్యడు?"

నేను నల్లబల్ల మీద కప్పను గీస్తే పిల్లలు దాన్ని వంకాయ అని రాసుకునేవారు. జానెడు పాముకు గడి గడికీ రంగు నింపగలనని నా చేతికి అంత గౌరవం ఇచ్చినవాడు ఆయనొక్కడే. కానీ ఒకసారి ఊరి ముందు తలవంచుకున్న పెద్దసారు రెండోసారికి సిద్ధంగా లేడు. అనుమానం ఆయన ముఖంలో కనపడుతూనే ఉంది. డ్రాయింగ్ సారు అదే అదనుగా, గబగబా పోయి టర్పెంటైన్ సీసా, గుడ్డపేలిక పట్టుకొచ్చాడు.

"తుడిస్తె తెలుస్తది. రంగైతె పోతది, పుట్టుకదైతె ఉంటది."

"అది పడితె పాము సచ్చిపోతది సార్," అన్నాను పెద్దసారుతో. "రంగు పోదు, పానం పోతది."

"చూసిండ్రా? తుడుస్తనంటెనే గజగజ వణుకుతున్నడు."

వణికిన మాట నిజమే. పెద్దసారు నా వైపు చూసి, ఆయన వైపు చూసి, "జర అంచుకు తుడిచి చూడు," అన్నాడు. ఆ మాట పూర్తికాకముందే డ్రాయింగ్ సారు పెట్టెలో చెయ్యి పెట్టాడు. పాముపిల్ల మెడ వెడల్పు చేసింది. అది నాకు తెలిసిన హెచ్చరిక. చెప్పడానికి నోరు తెరిచాను గానీ, నాకంటే అదే ముందు నోరు తెరిచింది. ఆయన బొటనవేలి మొదట్లో కరిచి, వదలకుండా వేలాడింది.

గుడ్డపేలిక కిందపడింది. నేను పామును మెల్లగా విడిపించాను. రెండు చిన్న నెత్తుటి బొట్లు లేచాయి. డ్రాయింగ్ సారు తన చెయ్యి తానే పట్టుకుని గోడకు ఒరిగాడు.

"విషమున్నదా?" అన్నాడు. మా ఇద్దరి పరిచయంలో నన్ను ఆయన అడిగిన మొదటి సైన్సు ప్రశ్న అది.

"అది మీరే చెప్పాలె సారూ," అన్నాను. "మీరన్నట్టు పసుపు రుద్దిన నీరుకట్టె అయితె విషం లేదు. ఇంటికి పోయి సల్లగ బువ్వ తినుండ్రి. పుట్టుకతోనే పచ్చదైతె మాత్రం, గసుంటి పామును నేను ఎన్నడు చూడలె. ఏం చెప్పమంటరు?"

పెద్దసారు ఆయన వైపు తిరిగాడు. "చెప్పవయ్యా. రంగా, కాదా?"

డ్రాయింగ్ సారు నుదురంతా చెమట. పామును చూశాడు, వేలును చూసుకున్నాడు.

"రంగు గాదు!" అని అరిచాడు. "నా బతుకంత రంగులల్లనే పాయె, రంగేందో తోలేందో నాకు తెల్వదా? చూడంగనే తెలిసింది. గది కోసం అన్న. జర దవాఖానకు తోల్కపోండ్రి సార్, దండం పెడత!"

పెద్దసారు టర్పెంటైన్ సీసా మూత బిగించి డ్రాయింగ్ సారు జేబులో పెట్టాడు. "గది ముచ్చట ఇగ లేవద్దు," అని మాత్రం అన్నాడు.

అప్పుడు వెంటనే చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర ఉంది. నేను తొందరపడలేదు. పాముపిల్లను పెట్టెలో వదిలాను. జాలీ మూత సరిగ్గా కూచుందో లేదో నాలుగు మూలలూ చూశాను. కుండలో నీళ్లు ముంచుకుని, సబ్బుతో చేతులు రుద్దుకున్నాను. వేలు వేలుకూ మధ్య రుద్దుకున్నాను. అంత శుభ్రంగా పెళ్లినాడు కూడా కడుక్కోలేదు. వెనక డ్రాయింగ్ సారు ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినే తలుచుకుంటున్నాడు. తుండుతో తుడుచుకుని, ఆ సబ్బుముక్క ఆయన చేతిలో పెట్టాను.

"మీరు గూడ కడుక్కోండ్రి సారూ. ఏ రంగుదైనా, నీరుకట్టెకు విషముండది."