సెల్లారులో ఎముకల స్కాన్

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్కానింగు కేంద్రంలో న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరుగా పనిచేశాను. రోగి నరంలోకి కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి, అది ఒంట్లో ఎక్కడ చేరిందో కెమెరాతో చూడటం నా పని. ఎక్కువ చేరిన చోటు ఫిల్ములో నల్లగా పడుతుంది. ఎక్స్‌రేలు, సీటీలు చూసే పెద్ద రేడియాలజిస్టుది కృష్ణా జిల్లా. నాదీ అదే. అంతకు మించి మాకు కలిసింది లేదు. సెల్లారులోని నా గదిని ఆయన అందరి ముందూ బాంబుల కొట్టు అనేవాడు. బంద్ వల్ల ముంబై నుంచి మందు రాకపోతే, "ఇవాళ కొట్టు కట్టేశావా అమ్మా?" అని నవ్వేవాడు.

ఒక రోజు కొత్తపేట నుంచి ఒక ఆటో డ్రైవరు తన భార్యను తీసుకొచ్చాడు. వాళ్లది నల్గొండ పల్లె. ఆమెకు అంతకు ముందే రొమ్ము కేన్సరుకు ఆపరేషనైంది. ఇప్పుడు కుడి తొడలో విడవని నొప్పి. సర్జను ఎముకల స్కాన్ రాస్తే, రేడియాలజిస్టు ఎక్స్‌రే ఒకటి తీయించి స్కాన్ అక్కర్లేదన్నాడు.

"నల్గొండ నీళ్లు తాగిన ఎముకలు. ఫ్లోరైడు, అంతే."

"ఆ నీళ్లు మేం కావాలని తాగినమా సార్? కృష్ణ మా పక్కకెల్లే పోతది. మాకు చుక్క రాదు," అన్నాడు భర్త.

నేను రేడియాలజిస్టు గదిలోకి వెళ్లాను.

"ఫ్లోరైడు ఉన్నంత మాత్రాన కేన్సరు ఎముకకు పాకకూడదని లేదు కదండీ."

"ఫ్లోరైడు ఎముకలు నీ స్కాన్‌లో అన్నీ నల్లగానే కనపడతాయి. ఏం చెబుతావు దాన్ని చూసి?"

"మీరెప్పుడైనా ఎముకల స్కాన్ ఒకటి చూసి రిపోర్టు రాశారా?"

"పీజీలో వారం రోజులు మీ విభాగానికి పంపారు. అక్కడ కెమెరా పాడై ఉంది. టీ తాగొచ్చాం. ఏం నష్టపోయాం?"

ఆయన బయటికొచ్చి, ఆ మందు ఎక్కితే ఇంట్లో పిల్లలకు ప్రమాదమని వాళ్లను బెదరగొట్టాడు. మర్నాటికల్లా ఒంట్లోంచి అది దాదాపు పోతుందని నేను చెబుతూనే ఉన్నాను.

"మీ ఇద్దరికి పడకపోతే మమ్ముల నడుమ పెట్టుడేంది మేడమ్?" అని భర్త ఆమెను లేపి తీసుకుపోయాడు.

కొన్ని వారాలకు ఆటో దిగుతుంటే ఆమె తొడ ఎముక విరిగింది. ఎల్‌బీ నగర్‌లో ఒక ఆసుపత్రిలో రాడ్ వేశారు. ఎముకలో కేన్సరుందని పరీక్షలో తేలి, స్కాన్‌కు నా దగ్గరికే పంపారు. ఫ్లోరైడు వల్ల అస్థిపంజరమంతా మసకగా నల్లబడి ఉంది. అందులో ఆయన మాట తప్పు కాదు. కానీ తొడలోనూ, వెన్నులో రెండు చోట్లా కాటుక పెట్టినట్టు చిక్కగా ఉంది. ఫిల్ము తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను.

"విరిగిన ఎముక నల్లగా కాక ఎలా ఉంటుంది?"

"వెన్ను విరగలేదు కదండీ."

"ఇది అప్పుడే ఉందని నీకేం తెలుసు?"

గుమ్మంలో నిలబడ్డ భర్త అందుకున్నాడు. "కాలు నొస్తుందనే గద సార్ ఒచ్చినం. అప్పుడు లేకుంటె ఎందుకొస్తం?"

ఆయన తర్వాతి రోగిని పిలిచాడు.

రేడియేషన్ ఇచ్చాక ఆమె నొప్పి తగ్గింది, వాకర్‌తో నడిచింది. ఏడాది పైగా బతికిందని తర్వాత విన్నాను. భర్త మాత్రం నాతో మళ్లీ మాట్లాడలేదు. నేనూ అతనికి ఆ కేంద్రం మనిషినే.

కొన్నాళ్లకు రేడియాలజిస్టు మాట మీద యాజమాన్యం నా గది ఖాళీ చేయించి రెండో సీటీ పెట్టించింది. నా ఉద్యోగం చివరి రోజున ఆయన ఎదురుపడి, "విజయవాడలో మంచి అవకాశాలుంటాయమ్మా," అన్నాడు. వెళ్లొస్తానని అనబుద్ధి కాలేదు.