స్టీలు గ్లాసులో మూడు పళ్ళు

కన్నకూతురి ముందుపన్నును తన చేతుల్తోనే పక్కింటి కప్పు మీదికి విసిరేసి, చేతులు కడుక్కుని ఇడ్లీ ముందు కూర్చున్న మనిషిని ఏమనాలో మీకు తోచకపోతే మా అమ్మని అడగండి. ఆమె దగ్గర పెద్ద జాబితా ఉంది. ఆ మనిషిని నేనే.

తప్పు ఆ రోజు మొదలవలేదు. అంతకు రెండు నెలల ముందు, పళ్ళ డాక్టరమ్మ గదిలో మొదలైంది. డాక్టర్లు మాట్లాడుతుంటే తల ఊపడం నాకున్న జబ్బు. గుడి ఏనుగైనా మధ్యలో ఒకసారి ఆగుతుందేమో గానీ నేను ఆగను. ఆవిడ మా మీనా నోట్లోకి అద్దం పెట్టి, "మిక్స్‌డ్ డెంటిషన్. సెంట్రల్ ఇన్సైజర్స్ రెండూ పర్మనెంట్. జాగ్రత్త," అంది. ఊపాను. "అర్థమైంది కదా?" అంది. ఇంకాస్త గట్టిగా ఊపాను. బయటికొచ్చాక మీనా, "ఏం చెప్పింది నైనా?" అని అడిగింది. "పళ్ళు బాగుండాయంట," అన్నాను. మొత్తం సంభాషణలో నాకు అందిన మాట 'జాగ్రత్త' ఒక్కటే, దాన్ని కూడా అక్కడే వదిలేసి వచ్చాను.

ఇక ఆ శనివారం పొద్దున. మా ఆవిడ డ్యూటీకి వెళ్ళింది. ఇల్లు నా సమర్థ నాయకత్వంలో ఉంది. మేముండే తమిళం వాళ్ళ పేట కదిర్కామంలో, మా వీధిలో సైకిలు తొక్కుతూ మీనా స్పీడ్‌బ్రేకర్ దగ్గర గాల్లోకి లేచింది. సైకిలు ఒకవైపు దిగింది, పిల్ల ఇంకోవైపు దిగింది, పైపన్ను ఒకటి మూడోవైపు దిగింది. ఎనిమిదేళ్ళ పిల్ల. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, ఏడవకుండా, పన్నును అరచేతిలో పట్టుకొచ్చి చూపించింది.

"నైనా, ఇది పోయినేడే పడింది కదా. మళ్ళీ ఎందుకు పడింది?"

ఇంట్లో ఆ పూట అడిగిన ఒకే ఒక్క తెలివైన ప్రశ్న అది. నేను పట్టించుకోలేదు.

"అది పక్కది అమ్మా. పాలపళ్ళు ఇట్లాగే రాలతాయి. నీకేం తెలుసు."

మా అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. "ఏందిరా, ఇంత పొడుగుండాది?"

"మన వంశంలో పళ్ళు అంతే."

"సరేలే. పెంకుల మీదికి ఎగరెయ్యి. అప్పుడే కొత్తది తిన్నగా వస్తాది. పేడలో చుట్టి ఎయ్యాల, పేడ యాడ దొరుకుతాది ఈ టవున్లో."

పేడ దొరకనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోవాల్సి వస్తుందని అప్పుడు నాకు తెలియదు. మాది మేడ ఇల్లు, పెంకుల్లేవు. పక్కింటి సెల్వి అక్కది పెంకుటిల్లు. మేడెక్కి, తూర్పుకు తిరిగి, మంచి బౌలర్‌లా చెయ్యి తిప్పి వేశాను. ఠక్కున పడింది. మీనా చప్పట్లు కొట్టలేదు. నా మొహంలోకే చూస్తా ఉంది.

రెండో ఇడ్లీ మధ్యలో, నెత్తురింకా ఆగలేదే అని డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"ఏ పన్ను?"

"పైన, ముందుది. పాలపన్నే లెండి."

"ముందువి రెండూ పర్మనెంట్ అని చెప్పాను కదా. మీరు తల ఊపారు కూడా. అది మళ్ళీ రాదు. పన్ను ఎక్కడుంది?"

"పెంకుల మీద."

"పెంకుల మీదంట," అని ఆవిడ పక్కనెవరికో చెప్పడం వినబడింది. డాక్టర్లు తిట్టకుండానే తిడతారని అప్పుడు తెలిసింది.

"ఎంతసేపైంది?"

"పది నిమిషాలు."

"తీసి, పాలల్లో వేసి, వెంటనే తీసుకురండి. ఎంత తొందరగా తెస్తే అంత మంచిది. క్రౌన్ పట్టుకోండి. రూట్ ముట్టుకోవద్దు, రుద్దొద్దు."

అలవాటుగా ఫోన్లోనే తల ఊపబోయి ఆగాను. "క్రౌన్ అంటే ఏది డాక్టర్?"

"బయటికి కనబడే తెల్ల భాగం. చిగుట్లో ఉండేది రూట్."

ముప్పయ్యేళ్ళ జీవితంలో నేనడిగిన మొదటి సందేహం అదే.

నిచ్చెన వేసుకుని సెల్వి అక్క ఇల్లెక్కాను. కింది నుంచి ఆమె, "ఏం తంబీ, మా ఇంటి మీద ఏం పని?" అంది, రోజూ ఎవరో ఒకరు ఎక్కుతున్నంత నెమ్మదిగా.

"పన్ను పడింది అక్కా."

"ఎవరిది?"

ఆ ప్రశ్న ఎందుకడిగిందో రెండు నిమిషాల్లో తెలిసింది. పెంకుల సందుల్లో ఒకటి కాదు, మూడు పళ్ళున్నాయి.

"వీధంతా మేడలు కట్టుకున్నారు తంబీ. పెంకులు మాకే మిగిలినాయి. అందరి పిల్లల పళ్ళూ ఇక్కడికే. నీకు కావలసింది ఏరుకో."

ఏరుకునే తెలివే ఉంటే ఆ కప్పు మీద ఎందుకుంటాను. మూడింటినీ తెల్లభాగం పట్టుకుని స్టీలు గ్లాసు పాలల్లో వేసుకుని దిగాను. స్కూటర్ మీద ముందు నేను, మధ్యలో మీనా, వెనక అమ్మ. గ్లాసు అమ్మ చేతిలో. అభిషేకానికి వెళ్తున్నట్టు ఉంది వరస.

"నైనా, పన్ను అతుక్కోకపోతే నా పళ్ళ మధ్య ఎప్పుడూ సందేనా?" అంది మీనా నా వీపు వెనక నుంచి. బండి వేగం పెంచాను.

డాక్టరమ్మ గ్లాసులోకి చూసింది. తర్వాత నావైపు చూసింది.

"మీకు ఎంతమంది పిల్లలు?"

"ఒక్కతే."

ఆవిడ మూడింటినీ పట్టకారుతో తిరగేసి చూసింది. "ఈ పొట్టి రెండూ పాలపళ్ళు. వేరు కరిగిపోయాకే రాలతాయి, అందుకే అడుగున ఏమీ లేదు. పొడుగు వేరున్న ఇదే మీది," అంటూ పన్నును కడిగి, చోటు చూసి నిలబెట్టి, సన్నని తీగతో పక్క పళ్ళకు కట్టింది. మొహం కాస్త తేటపడింది. "తొందరగానే తెచ్చారు. నిలబడుతుందనే అనుకుంటున్నాను. ఇది స్ప్లింట్. మెత్తటి తిండే పెట్టాలి. తర్వాత పల్ప్ సంగతి చూడాలి. అర్థమైందా?"

నా తల దానంతటదే ఊగింది. కుర్చీలోంచి, నోట్లో దూదితోనే, మీనా చెయ్యెత్తింది.

"నైనాకి అర్థం కాలేదు డాక్టర్. మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పింది. స్ప్లింటంటే తీగ కట్టు, పల్పంటే పంటి లోపలి నరం అని రాసుకున్నాను.

ఆ పన్ను ఇవాళ్టికీ మీనా నోట్లోనే ఉంది, కొంచెం గర్వంగా. మిగిలిన రెండింటినీ ఆ సాయంత్రమే అమ్మ నా చేత మళ్ళీ పెంకుల మీదికి వేయించింది. "ఎవురి పిల్లలవో, మన వల్ల వాళ్ళ పళ్ళు వంకర రాకూడదు" అని.

కనుక సర్వజనుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. అర్థం కాని మాటకు తల ఊపను. ఇకమీద ఈ ఇంట్లోంచి ఏ పన్ను గాల్లోకి లేవాలన్నా ఇంటిపెద్ద సంతకం ఉండాల్సిందే. ఇంటిపెద్దంటే మీనా. మూడో తరగతి.