మెడక్క గౌను, మా రాజామణి చీర

మా మేనకోడలు రాజామణి కష్టపడి సాధించిన మొదటి గెలుపు, వాళ్ళ నాయన మగ్గం గుంటలోకి తాను దిగి కూర్చోవడం. తిరుత్తణి దగ్గరి పొదటూరుపేటలో మా వీధి ఆడబిడ్డలు నూలు కండెలు చుట్టాల్సిందే గానీ, మంచి చీర దిగే మగ్గం మీద చెయ్యి వేయనిచ్చేవాళ్ళు కాదు. దాని నాయన, మా బావ బాలసుబ్రమణ్యం అయితే మరీ మొండి. "నాడె విసిరేదానికి భుజం కావాలమ్మా, నోరు కాదు" అనేవాడు, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను చూపించి. ఒక రోజు ఆయన క్షవరానికి పోయి వచ్చేలోపల ఆ పిల్ల జానెడు గుడ్డ నేసేసి, ఏమీ ఎరగనట్టు పోయి కండెల దగ్గర కూర్చునింది. బావ పొద్దు గూకేదాకా ఆ మగ్గం మీదే నేసినాడు. అప్పుడు మా చెల్లెలు సరసమ్మ నవ్వు ఆపుకోలేక చెప్పేసింది. బావ గుడ్డనంతా తడిమి తడిమి చూసినాడు. తన నేత యాడ ఆగిందో, బిడ్డ నేత యాడ మొదలైందో కనుక్కోలేకపోయినాడు.

"సరే, దిగు" అన్నాడు. అప్పటికి దానికి పదహారేండ్లు.

ఆ తరువాత అది సాధించినవి ఒకటా రెండా! చీర అంచులో చిలకలను దింపింది. మూడు తరాల వాళ్ళను ఏడిపించిన నా మగ్గాన్ని ఒక్క పూటలో దారికి తెచ్చింది. మా నేతగాళ్ళ సొసైటీ పోటీలో మగవాళ్ళను కాదని స్టీలు బిందె పట్టుకొచ్చింది. ఆ బిందె ఇప్పుడు కూడా మా చెల్లెలు ఇంట్లో నీళ్ళు పొయ్యకుండా అలంకారానికి పెట్టుకునింది. వీటినన్నిటినీ మించినది పోయిన ఏడు, 1981లో జరిగింది. దాన్ని గురించే ఇదంతా రాస్తున్నాను.

ఆ వేసంగిలో తిరుత్తణి రోడ్డు పక్కన టెంటు కొట్టాయి, అదే డేరా సినిమాహాలు, వేసినారు. కొత్త తమిళ పడం, అంటే సినిమా, ఆడతారని వీధి వీధంతా పోయినాము. పోతే మద్రాసు నుంచి రావలసిన ఫిలిం పెట్టె రాలేదు. కొట్టాయి ఓనరు చేతులు పిసుక్కుంటా, "ఉండేది ఇంగ్లీషు పడమే, కలరు కూడా లేదు, ఇష్టముంటే ఉండండి" అన్నాడు. మగవాళ్ళు తిట్టుకుంటా లేచిపోయినారు. ఇసకలో చాప పరుచుకున్న ఆడవాళ్ళు లేస్తారా? "ఏ భాషైతే ఏమి, మళ్ళీ చాప చుట్టుకుని యాడికి పోయేది?" అనింది సరసమ్మ. వాళ్ళకు తోడుగా నేనూ ఉండిపోయినాను. ఉండడమే మంచిదైంది.

ఒక ఓడరేవు ఊరు. అందులో పిల్లలకు పియానో నేర్పే పంతులమ్మ, ఓడ నడిపే మనిషి. వాళ్ళ మాట ఒక్కటీ మాకు తెలీలేదు గానీ మనసు మొత్తం తెలిసిపోయింది. ఆ పంతులమ్మ వేషం కట్టిన ఆమె ఉండాదే, ఏం చెప్పేది! మెడ కొంగ మెడ మాదిరి పొడుగు. దాన్ని ఓరగా తిప్పితే కొట్టాయిలో గుసగుసలు ఆగిపోయేవి. నవ్వబోయే ముందు ఒక్క క్షణం ఆగుతుంది, నవ్వమంటారా వద్దంటారా అని మనల్ని అడుగుతున్నట్టు. ఆమె పేరు చదివి చెప్పేవాళ్ళు లేరు. అందుకని సగం సినిమాకే మావాళ్ళు "మెడక్క" అని పేరు పెట్టేసుకున్నారు.

ఆఖర్లో ఓడ ఆయన్ని తీసుకుని పోతా ఉంటుంది. మెడక్క రేవు గట్టు మీద ఒంటరిగా నిలబడి ఉంటుంది. వెనక తెల్లటి ఆకాశం, ఒంటిమీద నేలదాకా జారే నల్లటి గౌను. ఏడవదు. గ్లౌజు తీసేసి ఉత్త చెయ్యి ఊపుతుంది, అంతే. కొట్టాయి మొత్తం ముక్కులు చీదింది. రాజామణి మాత్రం నా మోకాలు గిల్లింది.

"మామా, చూడు, చూడు! గౌనులో జరీ!"

నిజమే. నల్లటి గుడ్డ మీద పైనుంచి కిందికి సన్నని తెల్లగీతలు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. తళుక్కున మెరిసి మాయమైపోతాయి, ఇంకో చోట మెరుస్తాయి. నేసేవాళ్ళం కదా, మనిషి ముఖం కంటే ముందు మాకు గుడ్డ కనిపిస్తుంది.

పెట్టె వచ్చేదాకా అదే సినిమా ఆడింది, మావాళ్ళు రోజూ పోయినారు. తిట్టుకుంటా లేచిపోయిన బావ కూడా మర్నాడు చాప చంకన పెట్టుకుని ముందు నడిచినాడు. వీధిలో మెడలు సాగిపోయినాయి. కొళాయి దగ్గర ఒకామె అడిగింది: "ఏమే రాజామణీ, మెడ పట్టేసిందా?"

"కాదత్తా, నవ్వేదా వద్దా అని చూస్తా ఉండా."

"నవ్వు తల్లీ, నీ బిందె నిండి కారిపోతా ఉంది!"

గౌను అసలు రంగేమిటని పెద్ద కొట్లాట. బావ ఆకుపచ్చ అన్నాడు, సరసమ్మ కుంకుమ రంగు అనింది. మొగుడూ పెండ్లాలు రెండు రోజులు పలక్కోలేదు. రాజామణి నేరేడుపండు రంగని తేల్చేసి, ఆ గౌనును చీరగా నేస్తానని పట్టుబట్టింది. ఉత్త నలుపు నేస్తే శుభానికి ఎవరూ కట్టరు. నేరేడైతే దూరానికి నలుపు, దగ్గరికొస్తే కళ.

చీర కట్టినప్పుడు గీత నిలువుగా నిలబడాలంటే నేతలో అది అడ్డంగా పడాలి. పైగా గీతలు ఒక్కోటి ఒక్కో పొడుగు. కాబట్టి ప్రతి గీతకూ నాడె ఆపి, జరీ పోగును చేత్తో దూర్చి, కావలసిన చోట తుంచాలి. బావ తల పట్టుకున్నాడు.

"ఇట్ల ఆగి ఆగి నేస్తే చీర దిగేది ఎప్పుడే?"

"నాయనా, ఢిల్లీ ఎగ్జిబిషన్‌కి సొసైటీ నుంచి ఒకరిని పంపిస్తారంట. ఈ చీరతో నేను పోతా."

"పోతే నీకు వసారాలో సొంత మగ్గం వేయిస్తా. పోలేదనుకో, మళ్ళీ కండెల దగ్గరికే. మాటంటే మాటే!"

"మాటంటే మాటే" అనింది, మెడ ఓరగా తిప్పి.

చీర దిగింది. మడత విప్పితే చీకట్లో చినుకులు రాలినట్టే ఉండింది. ఇక రాజామణి ఊరుకుంటుందా? వచ్చినవాళ్ళకంతా, "మెడక్క గౌను ఉన్నదున్నట్టు దించేసినా" అని డప్పు కొట్టింది. నేనూ కొట్టినాను. ఆ డప్పు పోయి సొసైటీ సెక్రెటరీ కేశవన్ చెవిలో పడింది. ఆయన తమిళాయన, మంచోడే గానీ రూలు మనిషి.

"ఎన్నమ్మా ఇది! ఢిల్లీకి సొంత డిజైనే పోవాలి. సినిమా చూసి కాపీ కొట్టింది ముడియాదు, కుదరదు" అన్నాడు.

రాజామణి ముఖం మాడిపోయింది. బావ కండెల బుట్ట తెచ్చి వాకిట్లో పెట్టినాడు. అది చూసి పిల్ల మళ్ళీ సెక్రెటరీ దగ్గరికి పరిగెత్తింది. "సార్, ఆమె గీతలు వేరే, నా గీతలు వేరే. పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది!"

అదృష్టం కొద్దీ ఆ వారమే పేపర్లో మెడక్క బొమ్మ పడింది. మద్రాసులో అదే సినిమా, ఆదివారం పొద్దుటాట. కేశవన్ గొణుక్కుంటానే ఒప్పుకున్నాడు. చీర మూట ఒళ్ళో పెట్టుకుని రాజామణి, బావ, నేను, ఆయన తిరుత్తణిలో రైలెక్కినాము. దారంతా ఆ పిల్ల, "స్వామీ, ఆమె గీతలు ఇంకా లావుగా ఉండాలి, ఇంకా పొట్టిగా ఉండాలి" అని మొక్కుకుంటానే ఉంది. తిరువళ్ళూరు దాటేసరికి నేనూ మొక్కడం మొదలుపెట్టినాను.

పెద్ద హాలు, మెత్తటి కుర్చీలు. ఆఖరి సీను వచ్చింది. రేవు గట్టు, తెల్లటి ఆకాశం, నల్లటి గౌను. ఉత్త గౌను! నున్నగా, నిగనిగలాడతా, ఒక్క గీత కూడా లేదు.

రాజామణి లేచి నిలబడింది. "లేవు! నాయనా, గీతలే లేవు!"

వెనకనుంచి నలుగురు కసిరినారు. బావ ఆ పిల్ల కొంగు పట్టి లాగినాడు. కేశవన్ వైపు చూద్దును గదా, కళ్ళద్దాలు చేతిలో, కండ్లనిండా నీళ్ళు. "పేసాదేమ్మా, మాట్లాడొద్దు. ఆమె చెయ్యి ఊపతా ఉంది" అన్నాడు.

ఊరికొచ్చి కొట్టాయి మిషను తిప్పేవాణ్ణి నిలదీసినాము. "ఆఖరి రీలంతా గీసుకుపోయిందన్నా, ఎన్ని ఊర్లు తిరిగిందో! తెల్లటి చోట కనపడవు, నల్లటి చోట మెరుస్తాయి" అన్నాడు వాడు. బావ రోడ్డు మీదే పొట్ట పట్టుకుని నవ్వినాడు. ఫిలిం మీది గీతలను నేసిన సాలెవాళ్ళు లోకంలో మేమొక్కరమే అయ్యుంటాము!

"అయితే ఈ గీతలు ఎవరివి సార్?" అని రాజామణి కేశవన్‌ను అడిగింది.

ఆయన చీర విప్పి, ఎండలో ఇటూ అటూ తిప్పి చూసినాడు. "ఆమె గౌనులో లేవు కాబట్టి అవి నీవే. ఢిల్లీ కాగితం మీద సంతకం పెట్టు" అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, "ఆమె ఇంకో పడం యాడైనా ఆడితే నాకూ చెప్పమ్మా" అన్నాడు.

మాట ప్రకారం వసారాలో దాని సొంత మగ్గానికి గుంట తవ్వినాము. ఒక పక్కనుంచి నేనే తవ్వినాను. ఈ వీధినుంచి ఢిల్లీకి పోయిన మొదటి ఆడబిడ్డ మా రాజామణి. తోడుగా వాళ్ళ నాయన పోయినాడు. ఎగ్జిబిషన్‌లో మగ్గం మీద కూర్చుని నేస్తా ఉందని, చుట్టూ జనం మూగుతా ఉన్నారని కేశవన్‌కు ఫోను వచ్చింది. ఆయన సైకిలు మీద వచ్చి వీధంతా అరిచి చెప్పినాడు. పందిరి వేయిస్తా ఉండాము, మేళం కూడా మాట్లాడినాము. తిరుత్తణి స్టేషన్‌లో వాళ్ళు దిగేది 1982 మార్చి 7, ఆదివారం. మీరూ రావాలి.