మూత మీద నా రాత

నగరంలో బాంబులు పేలి అప్పటికి వారమైంది. నలభై ఏళ్లు దాటాక మా అలియాబాద్ వయోజన బడిలో అక్షరాలు నేర్చుకున్న సంబరంలో, సద్ది డబ్బా మూత మీద మేకుతో వంకరటింకర గీతలుగా నా పేరు చెక్కుకున్నాను. కూలికి పోతూ ఆ డబ్బాను మేడ్చల్ బస్టాండులో మరిచిపోయి, గుర్తొచ్చి వెనక్కి వచ్చాను.

డబ్బాకు దూరంగా జనం మూగారు. దాని పక్కన కూర్చున్న గాజులు అమ్మే ఖాజా భాయిని ఇద్దరు రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"మూత మీద జూడుండ్రి, వాళ్ల భాషల ఏందో రాసుకున్నరు. పేలే టైమే గది," అంటున్నాడు కళ్లద్దాల పెద్దమనిషి.

నాకు భయం కన్నా సిగ్గు ఎక్కువేసింది. "తెలుగే సారూ. లచ్చమ్మ అని, నా పేరు," అంటూ పోయి మూత తీశాను. లోపల జొన్నరొట్టె, మిరపతొక్కు ఉన్నాయి. ఖాజా భాయిని వదిలేశారు.

"నీ రాత పాడుగాను అక్కా, నా పానం పోతుండె," అన్నాడతను.

మర్నాడు శామీర్‌పేటలో చాయ్ హోటలు దగ్గర ఒకాయన చెబుతున్నాడు: "మేడ్చల్‌ల బాంబు దొరికింది. రొట్టెలని చెప్పి దాచిండ్రు."

"గా రొట్టెలు నావే అన్నా," అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "గట్ల చెప్పుమని నీకు ఎవలు నేర్పిండ్రమ్మా?"

ఆయనను నమ్మించడం నా వల్ల కాలేదు. ఖాజా భాయి కోసం నా పేరు గుండ్రంగా రాయడం మాత్రం నేర్చుకున్నాను.