అత్తయ్య బేరం

నా చిన్నప్పుడు ఒక ఏడాదంతా ఇంట్లో మిరపకాయల ధర మాటెత్తితే నాన్న ముఖం మాడిపోయేది. అంతకు ముందు ఏడు ఆయన పంటను కల్లంలోనే అమ్మేశాడు. పక్కచేను రైతు నెలాగి అమ్మి మంచి ధర తెచ్చుకున్నాడు. "తొందరపడ్డావయ్యా" అని టీకొట్టు దగ్గర కనిపించిన ప్రతివాడూ అనేవాడట. అందుకే ఆ ఏడు కాయలన్నీ గోనెసంచుల్లో తొక్కించి, ఆ టిక్కీలను గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు.

ధర వారం వారం దిగుతూ వచ్చింది. మాది కౌలు సేద్యం. తొలకరిలోపు కౌలు కట్టకపోతే చేను ఇంకొకరికి పోతుంది. అమ్మ రోజూ అదే గుర్తుచేసేది. నాన్న తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. నిరుడు పక్కచేను రైతుకొచ్చిన ధర వస్తేగానీ అమ్మనని కూర్చున్నాడు.

ఒక మధ్యాహ్నం మా మేనత్త వచ్చింది. నాన్నకు అక్క, ఉండేది పక్క వీధిలోనే. ఆవిడ టిక్కీలు కూడా కొన్ని ఆ కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయి. అన్నం తింటున్న నాన్నకు మజ్జిగ పోస్తూ, "ఒరేయ్ తమ్ముడూ, నా టిక్కీలు ఇవాళ్టి ధరకి నువ్వే కొనుక్కోరా" అంది.

"నాకేమన్నా పిచ్చా అక్కా? ఇంకా పడేట్టుంది."

"మరి నీ టిక్కీలెందుకు దాచుకున్నావురా?"

నాన్న చేయి కంచంలోనే ఆగిపోయింది. అమ్మ నవ్వబోయి ఆపుకుంది. ఇక చేను దక్కినట్టేనని నేను సంబరపడ్డాను. ఆయన తలెత్తకుండానే, "నేనమ్మిన మర్నాడే పెరిగితే? మళ్ళీ ఆ మాట పడటం నా వల్ల కాదక్కా" అన్నాడు. అత్తయ్య ఇంకొంచెం మజ్జిగ పోసి వెళ్ళిపోయింది.

ఆవిడ తనవి ఆ వారమే అమ్మేసింది. నాన్న అమ్మలేదు. ధర ఇంకా పడింది. తొలకరి వచ్చింది, చేను పోయింది. మరుసటి ఏడు అదే చేలో మిరపకోతకు అమ్మ కూలికి వెళ్ళింది. నాన్న ఆ దారిన నడవడం మానేశాడు.

ఇప్పటికీ దేన్నయినా వదల్లేక పట్టుకుని కూర్చున్నప్పుడు, ఇది నాది కాకపోతే ఇవాళ కొంటానా అని నన్ను నేను అడుగుతాను. ఆ ప్రశ్న నన్ను చాలాసార్లు గట్టెక్కించింది. జవాబు తెలిసి కూడా చేయి కదలని రోజులూ లేకపోలేదు. అప్పుడు కంచంలో ఆగిన నాన్న చేయి గుర్తొచ్చి ఏడుపొస్తుంది. అందుకే, నష్టపోయిన మనిషిని చూసి "ఆ మాత్రం తెలియదా" అని నేనెన్నడూ అనలేదు. మా నాన్నకు తెలుసు.