మెర్సీ వదిలిన చుక్క

షాలేమ్ కంప్యూటర్ ముందు కూర్చుంటే నిజాంపురా మరమగ్గాలే గొంతు తగ్గిస్తాయి, నమ్మితే నమ్మండి. చనిపోయిన భార్య మెర్సీ గీసిన చీరల డిజైన్లు పాత కంపెనీ ప్రోగ్రామ్‌లోనే తెరుచుకుంటాయి. కొత్త మగ్గం వాటిని చదవదు. అందుకే ఆ ఫైళ్ల గుట్టు పట్టడానికి అతను పాత ప్రోగ్రామ్‌లో ఒక చుక్క పెట్టి, ఫైల్లో ఏ అంకె మారిందో రాసుకుని, ఇంకో చుక్క పెడతాడు.

“కంపెనోళ్ల తాళం ఇప్పుతున్నవ్ బావా, జైల్ల ఏస్తరు,” అన్నాడు బామ్మర్ది ప్రభుదాసు.

“వకీలునడిగిన. ప్రోగ్రామ్ నకలు కొడితే తప్పట. మన బొమ్మ వేరే మిషన్ల నడిచేతందుకు ఫైల్ గుట్టు తెలుసుకుంటే తప్పుగాదట.”

ఏడు నెలలకు తొలి డిజైన్ కొత్త మగ్గం తెర మీద తెరుచుకుంది. దాని మూలన, మెర్సీ ప్రతి డిజైన్లో గుర్తుగా వదిలే ఒంటి చుక్క ఉంది. ‘పొరపాటు చుక్క తీసేయాలా?’ అని తెర అడిగింది. వద్దని నొక్కాడు. ‘అన్ని ఫైళ్లకూ ఇదే జవాబా?’ కాదని నొక్కాడు. ఇంకా నాలుగు వందల ఫైళ్లున్నాయి. మెర్సీ గురించి అతన్ని అన్నిసార్లు అడిగేవాళ్లు ఇంకెవరున్నారు?