ఒంటిగంట ఎండ

హామ్‌బర్గ్‌లో ఎండను నమ్ముకోవడమంటే కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమే. ఆ సంగతి బాగా తెలిసే హైంకె తన మూడో అంతస్తు బాల్కనీ కమ్మీలకు రెండు సోలార్ పలకలు బిగించుకుంది. రేవు పడవలో, కిటికీ లేని వంటగదిలో ఒక జీవితకాలం చేపలు వేయించిన మనిషి. ఇన్నాళ్లకు ఆకాశం నుంచి తనకంటూ ఏదో ఒకటి రాబట్టుకోవాలని పట్టు పట్టింది. "ఈ మబ్బుల్లో ఏం వస్తుందమ్మా?" అని నవ్వినవాళ్లతో "గుడ్డికన్నా మెల్ల మేలు కదా" అనేది. నిజమే, మబ్బు రోజున కూడా ఫ్రిజ్ వరకు నెట్టుకొచ్చేది. ఎండ కాసిందా, చన్నీళ్లతో బట్టల మిషను కూడా తిప్పుకోవచ్చు.

చిక్కల్లా ఒకటే. ఎదుటి భవనం నీడ తొలగేసరికి ఒంటిగంట అయ్యేది. ఒంటిగంట నుంచి మూడింటి దాకా వాళ్ల భవనంలో నిశ్శబ్దవేళ. మిషను తిప్పకూడదు, మేకు కొట్టకూడదు, పిల్లలు గెంతకూడదు. ఆ వేళ ఎవరూ నిద్రపోరు, అది వేరే సంగతి.

ఒకరోజు ఎండ విరగకాసింది. హైంకె ఆగలేక మిషను తిప్పేసింది. వెంటనే కింది వాటా డెట్లెఫ్ ఎక్కి వచ్చాడు. ఫిర్యాదు చెయ్యాలంటే టై కట్టుకునే రకం.

"హైంకె గారూ, టైమెంతయిందో చూశారా?"

"చూశాను. మీరు బయటికి చూశారా? ఎండ!"

"ఎండకు మినహాయింపు లేదండీ. వచ్చే భవనం మీటింగులో ఈ పలకలు తీయించమని నేనే అడుగుతాను."

ఆ మీటింగు దాకానే పలకలకు అనుమతి. డెట్లెఫ్ వద్దంటే మిగతావాళ్లు గంగిరెద్దుల్లా తలూపుతారు. హైంకె ఒళ్లు మండి, ఆయన చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి లాక్కెళ్లి మీటరు చూపించింది. మబ్బు వచ్చింది, అంకె పడిపోయింది. మబ్బు తొలగింది, అంకె లేచింది.

"మళ్లీ పెరిగింది" అన్నాడు డెట్లెఫ్ వంగి చూస్తూ. కాసేపాగి, "అయ్యో, పోయింది" అన్నాడు. మూడయ్యేదాకా అక్కడే ఉన్నాడు. పలకల మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

మీటింగులో ఆయన టై సర్దుకుని లేచాడు.

"పలకలు ఉండనివ్వండి. ఎండ ఉన్నప్పుడు నిశ్శబ్దవేళ రద్దు" అన్నాడు, చావుకబురు చెప్పినంత గంభీరంగా.

"మరి ఎండ వచ్చిందని తేల్చేదెవరండీ?" అన్నారెవరో.

అలాంటి విషయం గాలికొదిలేసే జనం కారు వాళ్లు. చాలాసేపు వాదించుకుని, ఆ అధికారం డెట్లెఫ్‌కే కట్టబెట్టి, చేతులెత్తి ఆమోదించారు.

మర్నాడు ఆకాశమంతా మబ్బే. ఒంటిగంటకు హైంకె తలుపు తీస్తే ఎదురుగా డెట్లెఫ్, టైతో సహా.

"ఈరోజు ఎండ లేదు. మిషను తిప్పకూడదు."

"అది చెప్పడానికి మెట్లెక్కి వచ్చారా, మహానుభావా? నాకు కళ్లు లేవా?"

"మీ కళ్లు లెక్కలోకి రావండీ. తీర్మానం అలా ఉంది."

"సర్లెండి, ఎలాగూ వచ్చారు. కాఫీ తాగి పొండి."

ఆయన తటపటాయించి కూర్చున్నాడు. భార్య పోయాక ఇంకొకరింట్లో కాఫీ తాగడం అదే మొదటిసారట.

హామ్‌బర్గ్‌లో మబ్బు రోజులకేం కరువు? ఆ చలికాలమంతా ఒంటిగంటకు హైంకె ఇద్దరికి కాఫీ పెట్టింది.